సిమీ దాకా టబు వెంట

తెలుగు ప్రేక్షకులకు టబు ముందుగా పాటల్లోనే పరిచయమైంది. 1991లో కె. రాఘవేంద్రరావు గారి దర్శకత్వంలో, వెంకటేశ్ సరసన ఆమె నటించిన ‘కూలీ నెం. 1’ వచ్చేనాటికి నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. కథానాయికగా ఆమెకు అదే తొలి సినిమా. ఇళయరాజా బాణీ కట్టిన ‘కొత్త కొత్తగా ఉన్నది’ పాట వినని రోజు మా ఇంట్లో ఉండేది కాదు. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి మొదలయ్యే వేళకు అక్కా నేనూ చదువుల పుస్తకాలు మూసేసి టీవీ ముందు చేరేవాళ్ళం. ఆ పాట వస్తే అక్క హీరోయిన్ చీరలూ నగలూ చూసేది, నేను ముఖం చూసేదాన్ని. ఆ రోజుల్లో నాకు తెలిసిన హీరోయిన్లందరూ పాటలో ప్రతి చరణానికీ ఒక భావాన్ని తెచ్చి ముఖం మీద పరిచేవారు. ఈ అమ్మాయి మాత్రం నవ్వుతున్నా సరే, ఏదో కొంత తనకోసమని మిగుల్చుకున్నట్టు కనిపించేది. దాన్ని ఏమనాలో అప్పట్లో నాకు తెలియదు. మా పిన్ని మాత్రం ఒకసారి చూసి, ‘పిల్ల బాగుంది కానీ మనసులో ఏముందో పైకి తెలియనివ్వదు’ అని తేల్చి చెప్పింది. ఆ మాట అన్నప్పుడు పిన్ని మెచ్చుకోలేదు. నాకు మాత్రం ఆ తరువాత ముప్పై ఏళ్ళపాటు టబు నటనను చూడడానికి, హిందీ సినిమా ‘అంధాధున్’లో ఆమె వేసిన సిమీ పాత్రను చూడడానికి కూడా, ఆ మాటే దారి చూపింది.

ఆమె హైదరాబాదు అమ్మాయి అని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 1971లో ఇక్కడే పుట్టి, విజయనగర్ కాలనీలోని సెయింట్ ఆన్స్ బడిలో చదివి, 1983లో బొంబాయికి వెళ్ళిందని పత్రికల్లో చదివాము. అసలు పేరు తబస్సుమ్ ఫాతిమా హష్మీ. అక్క ఫరా అప్పటికే హిందీ తారగా పేరు తెచ్చుకుంది, షబానా ఆజ్మీ వరసకు అత్త. 1985లో దేవానంద్ తన ‘హమ్ నౌజవాన్’లో ఆయన కూతురి పాత్రకు ఆమెను తీసుకున్నప్పుడు ఆమె ఇంకా బడి వయసు పిల్ల. ఇన్ని వివరాలు ఉన్నా, మా ఊళ్ళో అందరి నోటా ఉన్నది ఒక్కటే మాట, ఆ అమ్మాయి మనదే అని. మాసబ్ ట్యాంక్ మీదుగా వెళ్ళే బస్సులో విజయనగర్ కాలనీ స్టాపు వచ్చినప్పుడల్లా, ఆ వీధుల్లో ఎక్కడో ఆమె బడి సంచీ తగిలించుకుని నడిచి ఉంటుందన్న ఊహ నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

1996 అక్టోబరు నెలను నేను ఇప్పటికీ మరిచిపోలేను. అప్పటికి చదువు పూర్తయి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ అమీర్‌పేటలో ఒక మహిళల హాస్టల్లో ఉంటున్నాను. ఆ నెల మొదటి వారంలోనే కృష్ణవంశీ ‘నిన్నే పెళ్ళాడతా’ విడుదలైంది. హాస్టల్ అంతా కట్టగట్టుకుని వెళ్ళి చూసి వచ్చాము. పైలట్ కావాలన్న కోరికతో హైదరాబాదు వచ్చి, నాగార్జున ఇంటి పక్కనే దిగిన మహాలక్ష్మిని ఆ ఇంటివాళ్ళందరూ పండు అని పిలుస్తారు. ఆ సినిమాలో ఉన్నది ఉమ్మడి కుటుంబపు సందడి. మామయ్యలూ అత్తలూ పిల్లలూ ఒకరి మీద ఒకరు పడుతూ ఉండే ఇల్లు. ఆ గోలలోకి వచ్చిన పిల్ల గట్టిగా మాట్లాడకుండానే ఆ ఇంటి మనిషి అయిపోయింది. సందీప్ చౌతా సంగీతం, సిరివెన్నెల రాసిన ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ ఆ ఏడాది ప్రతి గదిలోనూ వినిపించాయి. ఆ సినిమాకు తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. మా హాస్టల్లో పండు వేసుకున్న లంగా ఓణీల వంటివి కుట్టించుకోని అమ్మాయి లేదు.

అదే నెల చివరి వారంలో గుల్జార్ తీసిన ‘మాచిస్’ వచ్చింది. నాతోపాటు ఆఫీసులో పనిచేసే ఒక స్నేహితురాలు ఉర్దూ బాగా తెలిసిన అమ్మాయి, ఆమె బలవంతం మీదే నేను వెళ్ళాను. పండును చూసిన కళ్ళు ఇంకా ఆరకముందే వీరాఁను చూశాను. 1980ల పంజాబు. పోలీసులు అన్నను పట్టుకుపోయి చిత్రహింసలు పెడతారు, పెళ్ళాడవలసినవాడు పగతో తీవ్రవాదుల్లో కలుస్తాడు, అతడిని వెదుక్కుంటూ చివరికి ఆమె కూడా అదే దారిలోకి వస్తుంది. అరుపులు, శపథాలు, తల బాదుకోవడం అన్నిటికీ అవకాశం ఉన్న పాత్ర అది. ఆమె వాటిలో ఏదీ చేయలేదు. జైల్లో ఉన్నవాడికి చేతిలోకి సైనైడు అందించి వచ్చే ఘట్టంలో ఆమె ముఖాన్ని చూసి నా పక్కన కూర్చున్న స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడుపు అంతా మా వంతుకే వచ్చింది, ఆమె కంట నీరు పెట్టినట్టు నాకు గుర్తు లేదు. ఆ పాత్రకు ఆమెకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం లభించింది. మూడు వారాల ఎడంతో వచ్చిన ఆ రెండు సినిమాల్లోనూ ఉన్నది ఒకే మనిషి అని నమ్మడం కష్టమని అప్పట్లో అందరూ అనేవారు. నాకు అలా అనిపించలేదు. నవ్వుల ఇంట్లో ఉన్నా, చావు దగ్గర ఉన్నా ఆమె చేసింది ఒక్కటే: ప్రేక్షకుడి సానుభూతిని చెయ్యి చాచి అడగకపోవడం.

ఆ తరువాత తెలుగువాళ్ళం ఆమెను సరిగ్గా వాడుకోలేదన్నది నా గట్టి అభిప్రాయం. ‘ఆవిడా మా ఆవిడే’, ‘చెన్నకేశవరెడ్డి’, ‘అందరివాడు’ వంటి సినిమాల్లో ఆమె కనిపించింది, వాటిలో కొన్ని బాగా ఆడాయి కూడా. అయినా ఆమె ఒక్కతే చేయగలిగిన వేషం వాటిలో లేదు. అదే కాలంలో హిందీలో ‘విరాసత్’ వచ్చింది. తెలుగులో ‘క్షత్రియ పుత్రుడు’గా మనం చూసిన కథే అది, రేవతి చేసిన పల్లెటూరి భార్య పాత్రను అక్కడ టబు చేసింది. రేవతిని మనసులో పెట్టుకుని చూసిన నాకు కూడా ఆమె ఎక్కడా అనుకరణగా కనబడలేదు. ‘అస్తిత్వ’, ‘హు తు తు’ ఆ తరువాత వచ్చాయి. 2001లో వచ్చిన ‘చాందినీ బార్’ ఆమెకు రెండవ జాతీయ పురస్కారం తెచ్చింది. బొంబాయి బార్లలో నాట్యమాడి పిల్లలను పెంచుకునే ముంతాజ్‌ను చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎం.ఎఫ్. హుస్సేన్ తన ‘మీనాక్షి’లో మూడు నగరాలలో ఒకటిగా హైదరాబాదును ఎంచుకుని, అందులో టబును నడిపించినప్పుడు మాత్రం, మన సినిమావాళ్ళు చేయని పని ఒక చిత్రకారుడు చేశాడని సంతోషించాను.

‘అంధాధున్’ గురించి చెప్పాలంటే దానికి ముందు ‘మక్బూల్’ గురించి చెప్పక తప్పదు. విశాల్ భరద్వాజ్ ‘మాచిస్’కు సంగీతం చేసినవాడు. అతడే షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ను బొంబాయి నేరప్రపంచంలోకి తెచ్చి తీసిన సినిమా ఇది. ముసలి డాన్ అబ్బాజీగా పంకజ్ కపూర్, అతడి కుడిభుజం మక్బూల్‌గా ఇర్ఫాన్ ఖాన్, ఆ ముసలివాడు ఉంచుకున్న నిమ్మీగా టబు. ఈ సినిమాను నేను అద్దెకు తెచ్చిన డీవీడీలో చూశాను. ఒక చోట నిమ్మీ మక్బూల్ మీద తుపాకీ గురిపెట్టి, తనను ‘మేరీ జాన్’ అని పిలవమంటుంది. బెదిరింపు, చిలిపితనం, ఆశ, ఇవన్నీ ఆ ఒక్క ముఖంలో కలిసి ఉన్నాయి. ఆమె ట్రిగ్గర్ నొక్కుతుందో, నవ్వేస్తుందో ఆ క్షణంలో ఇర్ఫాన్‌కూ తెలియదు, మనకూ తెలియదు. నవ్వూ భయమూ వేరువేరు గదుల్లో ఉండనక్కర లేదని, ఒకే ముఖంలో ఒకేసారి కాపురం చేయగలవని నాకు మొదటిసారి తెలిసింది ఆ సన్నివేశంలోనే. సిమీ అక్కడే పుట్టిందని నేను అనుకుంటాను.

2007లో మీరా నాయర్ ‘ది నేమ్‌సేక్’ మన థియేటర్లకు వచ్చినప్పుడు అమ్మను తీసుకువెళ్ళాను. అన్నయ్యా వదినా అప్పటికి న్యూజెర్సీలో స్థిరపడ్డారు. అమ్మ అక్కడికి వెళ్ళి, మంచు కాలమంతా కిటికీ దగ్గర కూర్చుని గడిపి, తిరిగి వచ్చింది. కలకత్తా నుంచి అమెరికా కాపురానికి వెళ్ళిన అషిమ కథ మా ఇంటి కథలాగే ఉంటుందని నేను ఎదురుచూశాను. అమ్మ మాత్రం సినిమా మొదట్లోనే ఒక చోట కదలకుండా కూర్చుండిపోయింది. పెళ్ళిచూపులకు వచ్చినవాడి బూట్లు గుమ్మం బయట ఉంటాయి. లోపలికి వెళ్ళబోతూ అషిమ ఆగి, ఎవరూ చూడడం లేదని నిశ్చయించుకుని, ఆ బూట్లలో తన పాదాలు పెట్టి చూసుకుంటుంది. అంతే. మాట లేదు. ముందే పెళ్ళి నిశ్చయించుకున్నట్టు ఆమె ముఖం మీద చిన్న వెలుగు ఒకటి వచ్చి పోతుంది. ఇంటికి వచ్చాక అమ్మ అమెరికా గురించి గానీ, కథలోని చావు గురించి గానీ ఎత్తలేదు. ‘ఆ పిల్ల బూట్లు వేసుకుని చూసుకుంది చూశావా, మా రోజుల్లో అంత ధైర్యం మాకు లేకపోయింది’ అని మాత్రం అంది. అమ్మ పెళ్ళినాటి సంగతి ఏదైనా మాతో చెప్పిందంటే అదొక్కటే.

‘హైదర్’లో ఘజాలా గురించీ, ‘దృశ్యం’ హిందీలో కొడుకును పోగొట్టుకున్న పోలీసు అధికారిణి గురించీ చాలామంది చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. తెలుగులో అదే అధికారిణిగా నదియా గారిని చూసిన మనకు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే అవకాశం దొరికింది. కొడుకు ఏమయ్యాడో చెప్పమని ఎదుటివాడిని నిలదీసేటప్పుడు టబు ముఖంలో తల్లి ఎక్కడ ఆగుతుందో, అధికారి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం కష్టం.

‘అంధాధున్’ 2018 అక్టోబరు 5న విడుదలైంది. శ్రీరామ్ రాఘవన్ దర్శకుడు. ఒక ఫ్రెంచి లఘుచిత్రం నుంచి మూలాన్ని తీసుకుని, దాన్ని పుణే నగరంలో పాతి, కొమ్మలూ రెమ్మలూ వేయించి పెంచిన కథ. పియానో వాయించే ఆకాశ్ నిజానికి చూపున్నవాడే, సంగీతం కోసమని గుడ్డివాడిగా నటిస్తుంటాడు. ఆయుష్మాన్ ఖురానా ఆ పాత్ర చేశాడు. ఒకప్పటి సినిమా హీరో ప్రమోద్ సిన్హాగా, నిజంగానే ఒకప్పటి హీరో అయిన అనిల్ ధవన్ కనిపిస్తాడు. ఆయన వయసులో చిన్నదైన రెండవ భార్య సిమీ, అదే టబు. నేనూ అక్క కూతురూ కలిసి వెళ్ళాము. దానికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. టబు పేరు తెలుసు గానీ ఆమె సినిమా ఒక్కటీ శ్రద్ధగా చూసినది కాదు. సినిమా చూడనివారు ఎవరైనా దీన్ని చదువుతుంటే ఇక్కడ ఆగి, ముందు చూసి రావడం మంచిది. కథ దాచిపెట్టి సిమీ గురించి రాయడం నాకు సాధ్యం కాదు.

పెళ్ళిరోజున భార్యను ఆశ్చర్యపరచాలని ప్రమోద్ ఆకాశ్‌ను ఇంటికి పిలుస్తాడు. ఆకాశ్ వచ్చి తలుపు తట్టేసరికి ప్రమోద్ శవమై నేల మీద పడి ఉన్నాడు. సిమీ, ఆమె ప్రియుడు ఇంట్లోనే ఉన్నారు. గుడ్డివాడే కదా అని ఆమె అతడిని లోపలికి రానిస్తుంది. అతడు పియానో ముందు కూర్చుని వాయించడం మొదలుపెడతాడు. చూసినది చూడనట్టు అతడు నటించాలి, జరిగినది జరగనట్టు ఆమె నటించాలి. ఇక అక్కడి నుంచి కొన్ని నిమిషాలపాటు తెర మీద పియానో తప్ప దాదాపు మరేమీ వినిపించదు. శవాన్ని ఈడుస్తారు, నెత్తురు తుడుస్తారు, పెట్టెలో కుక్కుతారు. ప్రియుడితో ఆమె సైగలతోనే సంసారం నడుపుతుంది. మధ్యమధ్య వాయిద్యకారుడికి వినిపించాలని, ఇంటికి వచ్చిన కళాకారుడిని ఆదరించే గృహిణి గొంతుతో రెండు ముక్కలు పలుకుతుంది. గొంతు ఒక ఇంట్లో ఉంది, చేతులు మరొక ఇంట్లో ఉన్నాయి. హాలంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే మేమందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. అక్క కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికో కేక ఆపుకోవడానికో నాకు తెలియలేదు.

ఆ సన్నివేశంలో టబు ఎక్కడా హాస్యం చేయలేదు. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూసి తెలుసుకున్న సంగతి. డార్క్ కామెడీ చేసే నటులు చాలామంది, చూశారా నేను ఎంత చిత్రమైన పని చేస్తున్నానో అన్నట్టు ప్రేక్షకుడి వైపు ఓరగా ఒక చూపు విసురుతారు. అలా విసిరిన మరుక్షణం భయం చచ్చిపోతుంది. సిమీకి తాను హాస్యచిత్రంలో ఉన్నానన్న సంగతి తెలియదు. ఆమె దృష్టిలో అది ఒక దురదృష్టపు సాయంత్రం, అంతే. అతిథి వచ్చాడు, ఇల్లు చిందరవందరగా ఉంది, తొందరగా సర్దాలి. ఇల్లాలు చుట్టాలు వస్తున్నారని ముందుగది సర్దేటప్పుడు ఉండే చిరాకే ఆమె ముఖంలో ఉంది, పశ్చాత్తాపం జాడ కూడా లేదు. ఆ చిరాకు మనకు బాగా తెలిసినది కనకనే నవ్వు వస్తుంది, దాని కారణం శవం కనకనే ఒళ్ళు జలదరిస్తుంది. రెండింటినీ ఆమె కలపలేదు. ఒకటి నిజాయితీగా చేసి, రెండవది మనకు వదిలేసింది.

ఆ తరువాత ఆకాశ్ ధైర్యం చేసి పోలీసు స్టేషనుకు వెళితే, అక్కడి అధికారి సిమీ ప్రియుడే. పక్కింటి ముసలావిడ మిసెస్ డిసాకు అనుమానం వచ్చిందని తెలియగానే సిమీ ఆవిడను మేడ మీద నుంచి తోసేస్తుంది. ఆ పని చేస్తుండగా ఆకాశ్ అక్కడికి వస్తాడు, గుడ్డివాడిగా నటిస్తూనే చూసి తట్టుకోవలసి వస్తుంది. ఆ రెండు హత్యల మధ్యా సిమీ మారుతుంది. మొదటిది జరిగిపోయింది, రెండవది ఆమె చేసింది. టబు ఆ తేడాను మాటల్లో చెప్పలేదు, నడకలో చూపించింది. మొదటి ఘట్టంలో తడబడిన అడుగులు రెండవసారి తడబడవు. ఇక ఆకాశ్‌కు చూపు ఉందో లేదో తేల్చుకోవడానికి ఆమె అతడి ఇంటికి వచ్చే సన్నివేశం ఉంది. ప్రసాదం అని చెప్పి పెట్టింది తిని, అప్పటిదాకా నటించినవాడు నిజంగానే చూపు పోగొట్టుకుంటాడు. ప్రసాదం అన్నాక ఎవరైనా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటారు, కాదనరు. మన ఇళ్ళలోని ఆ మర్యాదనే ఆమె ఆయుధం చేసుకుంది. ఆ క్షణంలో హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అంతకుముందు నవ్వినందుకు మా అందరికీ కొంచెం సిగ్గు కూడా వేసిందనుకుంటాను, ఎందుకంటే ఆ తరువాత చాలాసేపు ఎవరూ గట్టిగా కదలలేదు.

రెండవ సగంలో కథ అవయవాలు అమ్ముకునే డాక్టరు చేతుల్లోకి, ఆటో నడిపేవాడి అత్యాశలోకి పోతుంది. కొందరికి ఆ భాగం పట్టు తప్పినట్టు అనిపించింది. కథ సంగతి ఎలా ఉన్నా, సిమీ పట్టు తప్పలేదని నేను చెప్పగలను. కట్టిపడేసినా, కారు డిక్కీలో కుక్కినా, ఆమె బేరమాడుతూనే ఉంటుంది. బతిమాలుతుంది, బెదిరిస్తుంది, ఎదుటివాడి తప్పును వేలెత్తి చూపిస్తుంది. గుడ్డివాడిగా నటించి లోకాన్ని మోసం చేసినవాడికి తనను తప్పు పట్టే హక్కు ఎక్కడిదన్నది ఆమె వాదం. ఆ వాదంలో బలం ఉంది. టబు కళ్ళల్లోని ఆ రోషం చూస్తుంటే, హంతకురాలి పక్షాన ఒక్క నిమిషం తల ఊపబోయి ఆగిపోతాము.

ముగింపు గురించి అక్క కూతురూ నేనూ ఇల్లు చేరేదాకా వాదించుకున్నాము. ఈ కథ అంతా ఆకాశ్ యూరప్‌లో ఒక కాఫీ దుకాణంలో కూర్చుని, ఒకప్పటి ప్రియురాలు సోఫీకి చెబుతున్నది. సిమీ డాక్టరును చంపిందనీ, కారుతో తనను గుద్దడానికి వచ్చిందనీ, ఒక కుందేలు ఎగిరి అద్దానికి తగలడంతో కారు బోల్తాపడి చనిపోయిందనీ మనకు చెప్పేది అతడే. ఆ తరువాత అతడు చేతికర్రతో దారిలోని డబ్బాను గురిచూసి కొట్టడంతో చూపు ఉందని తెలిసిపోతుంది. అంటే సిమీ చివరి గంటలు మనం చూసినవి నిజమో, బహుశా ఆమె కళ్ళే పెట్టించుకున్నవాడు అల్లినవో చెప్పలేము. అక్క కూతురు ఆకాశ్ గురించి, కుందేలు గురించి మాట్లాడింది. నాకు మాత్రం ఆ చివరి ఘట్టాల్లో టబు నటన మీదే ధ్యాస. అంతవరకూ సిమీ చేసిన ప్రతి పనికీ ఒక లెక్క ఉంది. డాక్టరు కారులోని సిమీ ఒక్కసారిగా రాక్షసి అయిపోతుంది. సినిమాను రెండోసారి చూసినప్పుడు, ఆ మార్పు కథ చెబుతున్నవాడి అవసరం కావచ్చునని తోచింది. కావాలనే ఆమె అక్కడ ఒక పిసరు ఎక్కువ చేసిందా అన్నది నేను తేల్చలేను, కానీ ఆ అనుమానానికి ఆమె నటన చోటిచ్చింది.

ఆ సినిమాకు ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది, ఆయుష్మాన్‌కూ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది చైనాలో విడుదలై అక్కడ కూడా జనం విరగబడి చూశారు. అంతకంటె నాకు ఆసక్తి కలిగించినది, దక్షిణాదిన మూడు భాషల్లో ముగ్గురు నటీమణులు సిమీ వేషం వేయడం. తెలుగులో 2021లో నితిన్ ‘మాస్ట్రో’లో తమన్నా, మలయాళంలో ‘భ్రమం’లో మమతా మోహన్‌దాస్, తమిళంలో 2024లో ‘అంధగన్’లో సిమ్రన్. ముగ్గురూ శ్రద్ధ పెట్టి చేశారు. తమన్నా ఆ వయసులో, ఆ పేరున్న స్థితిలో అలాంటి పాత్రకు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. అయితే ‘మాస్ట్రో’ చూస్తున్నంతసేపూ, ఈమె చెడ్డది అన్న సంగతి నాకు ముందే అందుతూ వచ్చింది. టబు దగ్గర అది అందదు. భర్తతో పీతల కూర వండుతూ సరసమాడే మొదటి ఘట్టంలో ఆమె ప్రేమ నిజమా, నటనా అంటే, ఇన్నిసార్లు చూశాక కూడా నేను ఆమె వైపే మొగ్గుతాను, ఆ ప్రేమలో కొంత నిజమే అంటాను.

2020 సంక్రాంతికి ‘అల వైకుంఠపురములో’ వచ్చింది. అల్లు అర్జున్‌కు కన్నతల్లి యశోదగా టబు మళ్ళీ తెలుగు తెర మీద కనిపించింది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళాము. అమ్మ చాలా సంతోషించింది, పిన్ని కూడా. అక్క కూతురికి మాత్రం యశోద మీద మొదటి అరగంటా నమ్మకం కుదరలేదు. ఆ పెద్ద ఇంట్లో ఆమె మెట్లు దిగి వస్తుంటే, ఈవిడ ఎవరినో తోసేస్తుంది చూడు పిన్నీ అని నా చెవిలో అంది. ఆ వారమే దానికి ‘నిన్నే పెళ్ళాడతా’ చూపించాను. మా తరం పండును ముందు చూసి, సిమీని తరువాత చూసింది. ఈ పిల్ల సిమీని ముందు చూసి, పండు దగ్గరికి వచ్చింది. పాటలన్నీ దానికి ముందే తెలుసు, వాటిలో ఉన్నది ఎవరో తెలియదు, అంతే. ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ దగ్గర వీడియో ఆపి, ఆ నవ్వును కాసేపు పరీక్షగా చూసి, ‘ఇప్పుడు కూడా మనసులో ఏముందో చెప్పడం లేదు కదా’ అంది. దాని వెనక సోఫాలో మా పిన్ని కూర్చుని ఉంది, ‘నేను ఎప్పుడో చెప్పాను’ అని అందుకుంది. ఆ రాత్రి ఇద్దరూ కలిసి ‘మక్బూల్’ పెట్టమన్నారు.